మళ్లీ లాగిన్

"సార్, నా ప్రోగ్రాం మధ్యలోనే ఆగిపోతుంది," అన్నాను మెల్లగా.

కోదాడ కాలేజీలో ఆఖరి లినక్స్ ప్రాక్టికల్ అది. ఫస్ట్ వచ్చిన ఒక్కరికే సూర్యాపేట కంపెనీలో ఉద్యోగం.

ధనుంజయ్ సార్ స్క్రీన్ చూశాడు. "నీ లాగిన్‌కు లిమిట్ తక్కువుంది గోపికా. ఒక్కసారే గిన్ని ఫైళ్లు తెరవనియ్యది." తన సిస్టమ్ దగ్గరికి వెళ్లి లిమిట్ పెంచాడు. "అయిపాయె. ఇగ నడుస్తది."

నడవలేదు. మళ్లీ అదే ఎర్రర్.

పక్కన శ్రీజ ఉంది. రోజూ చిలుకూరు నుంచి ఒకే బస్సులో వస్తాం. కిటికీ సీటు ఎప్పుడూ తనదే.

"సార్‌ను ఇంకోసారి పిలవనా?" అని అడిగాను.

"ఊకె పిలిస్తే కోప్పడతడే. నీ ప్రోగ్రాంలనే ఏదో తప్పుంది, సూస్కో."

ఒక్కో లైనూ వెతుకుతూ కూర్చున్నాను. టైం అయిపోయింది. సార్ శ్రీజ పేరు ఫస్ట్ అని చదివి, మార్కుల కాగితం పట్టుకుని వెళ్లిపోయాడు.

బ్యాగు సర్దుకుంటూ శ్రీజ అంది, "లాగౌట్ అయ్యి మళ్లీ లాగిన్ కావాలె పిల్లా. అప్పటిదాక పాత లిమిటే ఉంటది."

"నీకు ముందే తెలుసా?"

"పోయిన వారం నాకు పెంచినప్పుడు సార్ చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"సార్‌ను ఇంకోసారి అడగనీకి నీకు సిగ్గు. అది నా తప్పా?"

లాగౌట్ అయ్యి మళ్లీ లాగిన్ అయ్యాను. ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచింది.

శ్రీజ వంగి చూసింది. "మంచిగనే రాసినవే. దా, బస్సు పోతది. ఇయ్యాల కిటికీ సీటు నీకే."