బయట తాళం

“మళ్ళీ కొట్టుకి వెళ్ళావు కదూ?” అన్నాడు డాక్టరు, మంచం మీది మనిషి కంటిరెప్ప పైకెత్తి చూస్తూ. కన్ను పచ్చగా ఉంది.

“లేదండీ, ఒట్టు.”

“ఈయన ఒట్లకేం తక్కువ లెండి,” పక్కనే నిలబడ్డ భార్య అందుకుంది. “ఆ డ్రైక్లీనింగ్ కొట్టే ఈయనకి మొదటి పెళ్ళాం. నేను రెండోదాన్ని.”

డాక్టరు నవ్వలేదు. “చూడమ్మా, బట్టల మరకలు తీసే ఆ మందు ఆవిరే ఇతని లివర్‌ని పాడుచేస్తోంది. ఇక్కడున్నన్నాళ్ళూ లివర్ మళ్ళీ పెరుగుతోంది, అది తయారుచేసే ప్రోటీన్లు రక్తంలో పుంజుకుంటున్నాయి. ఇంటికి పంపగానే పడిపోతున్నాయి. రెండుసార్లూ అంతే. ఇంకోసారి ఆ ఆవిరి తగిలితే మళ్ళీ పెరుగుతుందని నేను మాటివ్వలేను.”

డాక్టరు గది దాటగానే ఆమె భర్త మీద విరుచుకుపడింది.

“కొట్టు మా తమ్ముడికి అప్పగించాను. పనికి వెళ్తూ గదికి బయట తాళం వేసి మరీ వెళ్ళాను. అయినా ఎలా వెళ్ళారు? కిటికీ దూకారా?”

“ఈ ఒంటితో కిటికీలు దూకుతానటే? పడుకున్న చోటే తల తిరిగిపోయేది నాకు.”

“పని లేకుండా కూర్చుంటే ఎవరికైనా తిరుగుతుంది.”

“నన్ను నమ్మవా?”

ఆమె సంచీ భుజాన వేసుకుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అటునుంచి అటే కొట్టుకి వెళ్ళింది. బట్టలివ్వడానికొచ్చిన ఒకాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆమెకి మాత్రం ఏ ఘాటూ తెలియలేదు. పెళ్ళయిన నాటినుంచీ మొగుడితోపాటు అక్కడే చాకిరీ చేసిన ముక్కు మరి.

“బావ ఇటు రాలేదక్కా, నిజం!” అన్నాడు తమ్ముడు.

“మీరూ మీరూ ఒకటే,” అని కన్నీళ్ళు పెట్టుకుంది.

ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిచి పడకగది కిటికీలకి మేకులు కొట్టించింది. కొట్టిస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. మనిషిని ఖైదు చేస్తున్నట్టే ఉంది, కానీ మనిషంటూ మిగలాలి కదా!

కొన్ని వారాలకి ఆయన కళ్ళలో పచ్చదనం పోయింది. ప్రోటీన్లు మళ్ళీ పెరిగాయి. ఇంటికి పంపే రోజు ఆమె చెప్పిన వేళకంటే ముందే వచ్చి, చంకలోని మందపాటి రగ్గు విప్పి ఆయనకి మెడదాకా కప్పింది.

“మిమ్మల్ని నమ్మలేదని కోపమా?” అని అడగబోయి, “వెచ్చగా ఉందా?” అంది.

ఆయన తలూపి, రగ్గు ముఖం మీదికి లాక్కున్నాడు.

డాక్టరు వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు.

“ఈసారి మీకు భయం లేదు డాక్టరుగారూ,” అందామె. “కిటికీలన్నీ బిగించేశాను. చీమ కూడా బయటికి పోలేదు.”

మంచం దగ్గరికి రాగానే డాక్టరు ఆగిపోయాడు.

“ఈ రగ్గు ఎక్కడిదమ్మా?”

“మాదేనండీ. ఈయనకి రగ్గు ముసుగు తన్నితేగానీ నిద్ర పట్టదు. అందుకే ఇంటికెళ్ళే ప్రతిసారీ మా తమ్ముడు కొట్లో శుభ్రం చేసి, మెషీన్లోంచి తీసింది తీసినట్టే ఇస్తాడు.”

డాక్టరు చటుక్కున రగ్గు లాగేసి, కిటికీ తెరిచాడు.