ఒక్కటే ప్లగ్గు

లెక్కల మాస్టారి లెక్క తప్పింది.

ఎండాకాలంలో ఒక్క చార్జింగుతో కారు ఎంత దూరం పోతుందో, చలికాలంలోనూ అంతే పోతుందనుకుని బయల్దేరాడు. సగం దారిలోనే బ్యాటరీ నీరుగారిపోయింది. హీటర్ ఆపేస్తే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మొదటి చార్జింగ్ స్టేషన్‌లో మిషను పాడైంది. రెండోదాంట్లో అసలు కరెంటే లేదు.

అంతలో అమ్మ ఫోను.

"ఎక్కడున్నావురా? ఇక లాభం లేదంటున్నాడు డాక్టరు. నాన్న గుమ్మం వైపే చూస్తున్నారు."

"వచ్చేస్తున్నానమ్మా! వస్తున్నానని చెప్పు!"

మూడో స్టేషన్ కనబడగానే ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే పనిచేసే ప్లగ్గు ఒక్కటే. అది కాస్తా ఓ చిన్న కారుకి తగిలించి ఉంది. లోపల ఒకావిడ. నెరిసిన జుట్టు, పసుపుపచ్చ ఊలు టోపీ, ఒళ్ళో మందపాటి రగ్గు.

మాస్టారికి ఒళ్ళు మండింది. అద్దం మీద దబదబా బాదాడు.

"ఇంకా ఎంతసేపండీ?"

"ఇప్పుడే పెట్టాను బాబూ. గంట పడుతుందేమో."

"గంటా! ఈ వయసులో, ఈ చలిలో షికార్లేమిటి? ఇంటిపట్టున ఉండొచ్చుగా!"

"షికారు కాదు బాబూ, నేను కూడా..."

"మీ కథలు వినే ఓపిక నాకు లేదు! అక్కడ మా నాన్న ఆఖరి ఘడియల్లో ఉన్నారు!"

ఆవిడ ఉలిక్కిపడింది.

"నాన్నగారా? మీ కోసం చూస్తున్నారా?"

"గుమ్మం మీంచి చూపు తిప్పడం లేదట!"

ఆవిడ వెంటనే తలుపు తెరిచింది. కారు దిగి, ప్లగ్గు ఊడదీసి అతని చేతికిచ్చింది.

"మీరే ముందు వెళ్ళండి. నా కోసం అలా చూసేవాళ్ళెవరూ లేరులే."

గట్టిగా అడిగితే గానీ పని జరగదు కదా, అనుకున్నాడు మాస్టారు. థాంక్స్ చెప్పాలని కూడా తోచలేదు. అతని కారు చార్జ్ అయినంతసేపూ ఆవిడ తన కారులో చలికి ముడుచుకుని కూర్చుంది. అతను బయల్దేరబోతుంటే వచ్చి రగ్గు అందించింది.

"హీటర్ వేయకండి, చార్జింగంతా తినేస్తుంది. ఇది కప్పుకోండి."

ఆ రగ్గు భుజాన ఉండగానే ఆసుపత్రి గదిలోకి పరుగెత్తాడు.

"నాన్నా, వచ్చాను!"

తండ్రి అతన్ని చూశాడు. చెయ్యి మెల్లగా నొక్కాడు. మళ్ళీ గుమ్మం వైపు తిరిగాడు.

"ఇంకెవరి కోసం నాన్నా? వచ్చేశాగా!"

అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మొదటావిడ కూతురి కోసంరా. మీ అక్క. ఇన్నేళ్ళూ ఆ పిల్లని మన గడప తొక్కనివ్వలేదు నేను. ఆయన బాధ చూడలేక నిన్న నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. పొద్దున్నే బయల్దేరిందట. దారిలో ఎక్కడ ఆగిపోయిందో ఏమో!"

అక్క ఉందని మాస్టారికి తెలుసు. ముఖం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

గుమ్మం వైపు చూస్తూ చూస్తూనే తండ్రి కన్నుమూశాడు.

కాసేపటికి గుమ్మంలో చలికి గజగజ వణుకుతూ ఒకావిడ వచ్చి నిలబడింది. తల మీద పసుపుపచ్చ ఊలు టోపీ.

ఆవిడ ముందు మంచం వైపు చూసింది. అప్పటికే ముఖం మీదికి దుప్పటి కప్పేశారు. తర్వాత అతని భుజం మీది రగ్గును చూసింది.

"పోనీలే," అంది, "నువ్వైనా చూసుకున్నావు కదా తమ్ముడూ."