లాండ్రీ గదిలో సువార్త

లిఫ్టు ఖాళీగానే ఉన్నా నర్సు ర్యాంపు మీదుగానే కిందికి దిగింది. ఆసుపత్రి లాండ్రీ వాళ్లను లిఫ్టు ఎక్కనివ్వరు. వాళ్లు నడిచే దారినే నడవమని చర్చిలో పెద్దక్క చెప్పింది.

పెద్దక్క చెప్పినవి ఇంకా ఉన్నాయి. వెళ్లగానే దేవుడి మాట ఎత్తకూడదు. బైబిలు పట్టుకెళ్లకూడదు. మెడలో సిలువ ఉంటే తీసి దాచుకోవాలి. వాళ్లు ఎవరికి మొక్కుతారో అడగనే కూడదు, బెదిరిపోతారు. పెట్టింది తినాలి, చెప్పింది వినాలి, వాళ్ల మాట నేర్చుకోవాలి. మనసులు కలిశాకే నోరు విప్పాలి.

ఆ నోరు విప్పడమే నర్సుకు గండం. సువార్త బృందంలో చేరి రెండేళ్లయినా ఒక్కరినీ వెంట తీసుకురాలేదు. ఈ ఆదివారమూ ఒంటరిగా వస్తే కుర్చీలు సర్దే పనిలో వేస్తానని పెద్దక్క నవ్వుతూ చెప్పింది. ఆవిడ నవ్వుతూ చెప్పింది ఇంతవరకూ జరగకుండా పోలేదు.

అయినా నర్సుకు ఇవాళ కాళ్లు నేల మీద నిలవడం లేదు. లాండ్రీ అక్క దాదాపు దారికొచ్చేసింది మరి.

నాలుగు నెలల కిందట సంగతి వేరు. కొండల నుంచి దిగివచ్చిన లాండ్రీ వాళ్లు ఒకవైపు, పై అంతస్తుల వాళ్లు ఒకవైపు. క్యాంటీన్‌లో బల్లలు కూడా వేరే. నర్సు సాయం చేస్తానని వెళ్లి, మొదటిరోజే పెద్ద దుప్పటిలో తల నుంచి కాలి దాకా చుట్టుకుపోయింది. లాండ్రీ అక్క నవ్వాపుకుంటూ విప్పదీసింది. తర్వాత మడత నేర్పింది. చెరో రెండు మూలలు పట్టుకోవాలి, ఎదురెదురుగా నడిచి రావాలి, మూలలు కలిపి మళ్లీ వెనక్కి వెళ్లాలి. దాంతో వాళ్ల కబుర్లన్నీ విడతలుగానే సాగేవి. దగ్గరికొచ్చినప్పుడు ఒక ముక్క, మళ్లీ వచ్చినప్పుడు ఇంకో ముక్క.

లాండ్రీ అక్క అడగని ప్రశ్న లేదు. చిన్నప్పుడు ఎక్కడ పెరిగావు, ఎవరు పెంచారు, దిగులేస్తే ఏం చేస్తావు. నర్సు ఏం తెచ్చినా వద్దనకుండా తినేది. బీపీ, డ్రిప్ అంటూ వార్డు మాటలు నేర్చుకుంది. నర్సుల్లా జుట్టు పైకి ముడేసి పిన్నులు పెట్టుకుంది. పోయిన వారం ఏకంగా క్యాంటీన్‌లో నర్సుల బల్ల దగ్గరే వచ్చి కూర్చుంది. అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే కళ్లు దించుకుని సూపు తాగింది.

ఇవన్నీ విని పెద్దక్క పంట కోతకొచ్చిందని తేల్చేసింది. అడగడమే మిగిలింది.

గదినిండా ఆవిరి. బల్ల మీద పన్నెండు దుప్పట్లు. మొదటి దుప్పటికే అడిగేద్దామనుకుంది నర్సు. దగ్గరికొచ్చింది, మూలలు అందించింది, వెనక్కెళ్లిపోయింది. ఐదోదీ అంతే. తొమ్మిదోదాన్ని తిరగేసి మడతపెట్టింది.

"ఏంటి నర్సమ్మా, తిరగేసి పెట్టావు?"

"దుప్పటి బరువుగా ఉందక్కా."

"దిండు గలీబు కూడా నీకు బరువేలా ఉంది ఇవాళ."

నర్సుకు నవ్వొచ్చింది. నవ్వితే కాస్త ధైర్యం కూడా వచ్చింది. పదకొండోదానికి మొత్తానికి నోరు పెగిలింది.

"ఆదివారం ఏమైనా పనుందా అక్కా?"

లాండ్రీ అక్క చేతిలో మూల జారిపోయింది. ముఖం వెలిగిపోయింది. ఎందుకని అడిగింది. ఊరికేనంటూ నర్సు వెనక్కి నడిచి, తన తల తనే గోడకేసి కొట్టుకోవాలన్నంత విసుక్కుంది.

చివరి దుప్పటి. కుర్చీలు కళ్ల ముందు వరసకట్టి కనిపించాయి. నర్సు గుండెనిండా గాలి పీల్చుకుంది. అటునుంచి లాండ్రీ అక్క కూడా గబగబా వస్తోంది. దుప్పటి మధ్యలో సంచిలా వేలాడిపోయింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"అక్కా, నీకో మాట..."

"ఆగు, ముందు నన్ను చెప్పనీ. మళ్లీ ధైర్యం చాలదు."

లాండ్రీ అక్క దుప్పటితో సహా నర్సు చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నాలుగు నెలలుగా మా కొండ సంఘమంతా నీకోసం మోకాళ్ల మీదే ఉంది తల్లీ, యేసయ్య అనే పేరు ఎప్పుడైనా విన్నావా?"