వట్టి రోలు

ఊడవడం, ఉతకడం, వండటం అన్నీ యంత్రాలే చేసేస్తుంటే, డెబ్బై ఏళ్ల హారికమ్మ భుజాలు బిగుసుకుపోయాయి. ఇంట్లోనే కసరత్తు చేయమన్నాడు డాక్టరు. బాల్కనీలో ఒక్క పరికరానికే చోటుంది. కసరత్తు పరికరాలమ్మే కంపెనీ పిల్ల నజ్మా మూడు తెచ్చి చూపించింది.

హారికమ్మ ట్రెడ్‌మిల్ ఎక్కి వెంటనే దిగిపోయింది. "ఎంత నడిచినా ఇక్కడే ఉంటిని గదమ్మాయ్!" డంబెల్స్ వంక చూడనైనా లేదు. మూడోది రుబ్బురోలు. దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

"ఇందులో ఏం వేస్తారు?"

"ఏం వెయ్యరు మామ్మగారూ, ఉత్తినే తిప్పడమే. చుట్లు అదే లెక్కపెట్టుకుంటుంది."

"వట్టి రోలు తిప్పితే ఇంటికి అరిష్టమనేది మా నాయనమ్మ!"

వంటయంత్రం గారెలకని నానబెట్టిన మినప్పప్పును హారికమ్మ లేచి తెచ్చి రోట్లో వేసేసింది.

"అయ్యో, గ్యారంటీ పోద్దండీ!"

అప్పటికే పొత్రం తిరుగుతోంది. పావుగంటకి హారికమ్మ నుదుట చెమట పట్టింది, భుజాలు వదులయ్యాయి.

"ఇదే ఉంచెయ్ అమ్మాయ్. గారెలు తిని వెళ్దువుగాని."

అంతలో రోలు మర్యాదగా పలికింది: "ఈ రోజుకి మీ వ్యాయామం పూర్తయింది."

"నోర్ముయ్," అని కసిరింది హారికమ్మ. "పిండి మెదగకుండానే పూర్తవడమేంటే?"