నిజంగానే చెరిపేయాలా?

బటన్ మీది వేలు ఇంకా తీయనేలేదు, తెరమీద అక్షరాలు కనిపించాయి: "మూడో అంతస్తు వార్డు. ఫోన్లన్నీ చెరిపేయమని ఆదేశం వెళ్లింది."

అడ్మిన్ ఆ వాక్యాన్ని మళ్లీ చదివాడు. ఆసుపత్రి నర్సుల చేతుల్లో ఉండే ఫోన్లన్నిటినీ ఈ గదిలో కూర్చుని నడిపేది అతనే. చెరపాలనుకున్నది బస్సులో పోయిన ఒకే ఒక్క ఫోన్లోని సమాచారాన్ని. పాత సాఫ్ట్‌వేర్‌లో వార్డు పేరు నొక్కితే అందులోని ఫోన్లు విడివిడిగా కనిపించేవి. నిన్న పెట్టిన కొత్తదాంట్లో, అడ్మిన్లకి శ్రమ తగ్గిద్దామని కాబోలు, పేరు నొక్కగానే వార్డు మొత్తం ఎంపికైపోతోంది. తెర కొత్తదైనా చేతి అలవాటు పాతదే కదా.

"నిజంగానే చెరిపేయాలా?" అని ఒక్క మాటైనా అడగదేమని సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి నిలదీశాడు.

అవతలి అమ్మాయి తేనెలొలికే గొంతుతో, "పాతదాంట్లో ఆ ప్రశ్న విసిగిస్తోంది, తీసేయండని రాసింది మీరేనండీ" అంది.

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. ఆదేశాన్ని వెనక్కి తీసుకునే బటన్ ఎక్కడుందని అడిగితే, అది వచ్చే మార్పుల్లో పెడతామనీ, ఈలోగా తామే రద్దు చేస్తామనీ, కాస్త సమయం పడుతుందనీ చెప్పింది.

కాస్త సమయం! పొద్దుట్నుంచి ఏ రోగికి ఏ మందు ఎంత ఇచ్చారో ఆ ఫోన్లలోనే ఉంది. డ్యూటీ మారేటప్పుడు గాని ఆ వివరాలు సర్వర్‌కి ఎక్కవు. అవి పోతే ఇచ్చిన మందే మళ్లీ ఇస్తారు. గుండె మందు రెండోసారి పడితే మనిషి దక్కడు.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాడు. ఉద్యోగం సంగతి తోచలేదు గాని, పొద్దున ఆ వార్డులో చూసిన, కిటికీ పక్క మంచమ్మీది ముసలాయన కళ్లముందు మెదిలాడు.

పెద్ద సిస్టర్ మందుల బండి దగ్గర నింపాదిగా నిలబడి ఉంది. అతను చెయ్యి చాపితే ఫోన్ ఇచ్చింది. పొద్దుటి మందులన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. పై మూల చూస్తే నెట్ ఆపేసి ఉంది.

అప్పుడు వెలిగింది. నెట్ లేని ఫోన్‌కి ఏ ఆదేశమూ చేరదు. అప్‌డేట్ల పోరు పడలేక ఈ వార్డు సిస్టర్లంతా నెట్ ఆపుకుని పనిచేస్తారు. ఆ సంగతి తెలిసే పొద్దున పైకొచ్చి అందరిమీదా ఇంతెత్తున ఎగిరి వెళ్లాడు. వాళ్ల మొండితనమే ఇప్పుడు ఇన్ని ప్రాణాలు కాపాడిందనుకుంటే కళ్లనీళ్లు తిరిగాయి. ఆమె కాళ్లమీద పడాలనిపించింది.

"పొద్దున నేనన్నవన్నీ మర్చిపోండి సిస్టర్. మళ్లీ చెప్పేదాకా ఎవ్వరూ నెట్ ఆన్ చేయొద్దు."

ఆమె అయోమయంగా చూసింది.

"అదేంటండీ, మీరంతలా కోప్పడ్డారని అందరి చేతా ఇప్పుడే ఆన్ చేయించాను. నాదొక్కటే మిగిలింది."