తిరుగు ప్రయాణానికి నలభై పీపాలు

"నాలుగు పీపాలకే ఎద్దులు మోకాళ్ల మీద పడతాండాయి. ఐదోది ఎక్కించేది లేదు," అని చెంచయ్య కాడి పట్టుకొని అడ్డంగా నిలబడినాడు.

గిద్దలూరు స్టేషన్లో గూడ్సు బండి దించిపోయిన పెట్రోలు పీపాలవి. రాచర్ల దగ్గర కొత్తగా చదును చేసిన విమానాల మైదానానికి చేర్చాల. జపాను యుద్ధం పేరు చెప్పి సర్కారు ఎద్దుల బండ్లు ఐదింటిని పట్టుకుంది. ఎనిమిది మైళ్ల దారి, మధ్యలో వాగు. మొన్ననే తొలకరి పడింది. నాలుగు రోజుల్లో విత్తకపోతే పదును ఆరిపోతుంది, ఈ ఏడు కొర్రగింజ ఇంటికి రాదు. చెంచయ్యకున్నది ఆ ఒక్క జతే.

"సరే మామా, నాలుగే. రెండు నడకల్లో ఈ నలభై చేర్చండి, బేస్తవారం మీ ఎద్దులు మీవే," అన్నాడు మైదానం గుమాస్తా రసూల్.

"నెలనుంచీ ఇదే మాట అల్లుడా. పోయిన తూరి విమానాలొచ్చినాయి, పెట్రోలు లేదు. అంతకు ముందు పెట్రోలొచ్చింది, విమానాలు లేవు. మీ దొరలు ఒకరితో ఒకరు మాట్లాడుకోరా ఏంది?"

"అదే రాసినా. విమానాలు పంపే ఆఫీసు ఒకటి, సరుకు పంపే ఆఫీసు ఇంకొకటి. ఇద్దరూ ఒక్క బల్ల దగ్గర కూర్చోండి మహాప్రభో, బండ్లతో పని కావడం లేదు అని మూడు అర్జీలు పెట్టినా. ఇప్పటికి కూర్చున్నారంట. మన బండ్ల కష్టం తీరే సరుకు మూడు విమానాల్లో పంపుతుండారు. అవి తిరిగి పోవడానికే ఈ నలభై."

"లారీలు విప్పి పంపుతారేమోలే," అన్నాడు చెంచయ్య. ఆ ఆశతోనే వాగులో చక్రం దిగబడితే తానే భుజం పెట్టి లేపినాడు. బుధవారం పొద్దుగూకే సరికి నలభయ్యో పీపా దిగింది. ఎద్దు మెడ పుండైతే పసుపూ నూనే పూస్తూ, రేపీపాటికి చేలో ఉంటాం లేరా అని దానికి చెప్పుకున్నాడు.

బేస్తవారం పొద్దున చెప్పిన గంటకు మూడు విమానాలూ దిగినాయి. రసూల్ సంబరాన్ని పట్టలేకపోయినారు. "చూసినావా మామా, అర్జీ అంటే ఇట్లుండాల." నలభై పీపాల పెట్రోలూ చుక్క మిగలకుండా విమానాల కడుపులోకి పోయింది. చెంచయ్య ఎద్దుల్ని ఇంటిదోవకు తిప్పినాడు.

అప్పుడే విమానంలోంచి దొర దిగి రసూల్‌తో చేయి కలిపి నాలుగు ముక్కలు మాట్లాడినాడు. రసూల్ మొహం మాడిపోయింది.

"ఏమంటాడు అల్లుడా?"

"బండ్లు కదలొద్దంట మామా. వచ్చే బేస్తవారం మళ్లా ఇంతే సరుకు తెస్తారంట. తెచ్చిన సరుకు జపానోడు వచ్చిన రోజుకు దాచాలంట, ముట్టుకోకూడదంట. తిరుగు ప్రయాణానికి స్టేషన్ నుంచి ఇంకో నలభై పీపాలు తెచ్చిపెట్టమంటాడు."

"అయితే నా పదును పాయె," అన్నాడు చెంచయ్య. "నా కొంప ముంచి అంత దాచుకునే సరుకు ఏం తెచ్చినారు?"

రసూల్ విమానాల వైపు చేయి చూపినాడు. చెంచయ్యే పోయి తెరిచిన తలుపుల్లోంచి లోపలికి చూసినాడు.

మూడింటి నిండా పెట్రోలు పీపాలే.