మెట్ల మీద రెండడుగులు

“తలుపు ఇంకాస్త గట్టిగా వెయ్యమ్మా,” అన్నాడు దర్శకుడు మైకులో, అద్దానికి ఇవతలి నుంచి.

అద్దానికి అవతల ఆవిడ తలుపు వేసింది.

వేసినట్టే లేదు. పాపను నిద్రపుచ్చి బయటికొచ్చే తల్లి వేసినట్టు, చిన్న ‘టిక్’.

దర్శకుడు గడియారం చూశాడు. నాలుగూ పది.

ఐదింటికల్లా సినిమా మొత్తం శబ్దాలతో సహా పంపెయ్యాలి. లేకపోతే శుక్రవారం విడుదల ఆగిపోతుంది.

మిగిలింది ఈ ఒక్క తలుపు చప్పుడే.

రోజూ సినిమాకి చప్పుళ్ళు చేసే ఆయనకు జ్వరం. ఆ సంగతి ఎలా తెలిసిందో, పొద్దున్నే ఈవిడే ఫోన్ చేసి వచ్చింది. అరవై దాటిన మనిషి. ఊళ్ళో ఇంకో స్టూడియోలో ఇదే పని చేస్తుందట. పేరడిగితే, “చప్పుళ్ళక్క అంటారు, అలాగే పిలవండి,” అని నవ్వింది.

చేతిసంచి నిండా చెత్త. పాత చెప్పులు, గోనెపట్టా, గులకరాళ్ళు, తుప్పు పట్టిన గొళ్ళెం.

ఆ చెత్తే ఆవిడ చేతిలో పడగానే ప్రాణం పోసుకుంది. గోనెపట్టా మీద పొడి కుంచె రాస్తే తెర మీద హీరో నిజంగానే బొమ్మ వేస్తున్నట్టుంది. తడిగుడ్డ పిండితే వాన. ముచ్చటేసి దర్శకుడు కూడా పొద్దున రెండుసార్లు నవ్వాడు.

ఇప్పుడు నవ్వడం లేదు.

సినిమా ఒక చిత్రకారుడి జీవితం. నలభై ఏళ్ళ నాటి మాట. ఇరవై మూడేళ్ళకే ఆకాశానికెత్తారు, ముప్ఫై నిండకుండానే మరిచిపోయారు. ఊపిరితిత్తుల జబ్బు. చివరికి భార్య కూడా వదిలేసి పోతుంది. తెర మీద అతని మొహమే ఉంటుంది. ఆమె పోవడం చప్పుడులోనే తెలియాలి.

“అమ్మా, మొగుణ్ణి మంచం మీద వదిలేసి పోతోంది ఆవిడ. ధడేల్మని వెయ్యాలి. జనం దుమ్మెత్తి పొయ్యాలి.”

“గట్టిగా వేస్తే కోపం వినిపిస్తుంది సార్. వెళ్ళడం వినిపించదు.”

పక్కన కూర్చున్న రికార్డిస్టు తల వంచుకుని నవ్వాపుకున్నాడు.

“మళ్ళీ కానివ్వండి. మెట్లతో సహా.”

టిక్.

చెక్క మెట్ల మీద చెప్పులు. నాలుగడుగులు కిందికి. ఆగాయి.

రెండడుగులు పైకి.

“ఆపండి. ఆ వెనక్కి రావడమేంటి? స్క్రిప్టులో ఉందా?”

“లేదు సార్.”

“మరి?”

“నాలుగు మెట్లు దిగాక ఎవరికైనా కాలు ఆగుతుంది.”

“ఎవరి సంగతో నాకొద్దు. ఆయన భార్య ఆగలేదు. ఆయన సొంత చెల్లెలే చెప్పింది నాకు. ఆరోజు ఆ ఇంట్లోనే ఉందట. తలుపు వేసిన వేగానికి గోడ మీది బొమ్మ ఊడి పడిందట.”

ఆవిడ గొళ్ళెం కేసి చూస్తూ ఉండిపోయింది.

నాలుగూ ముప్ఫై ఐదు.

“అక్కా, ఆయన చెప్పినట్టు ఒక్కసారి వేసెయ్. నీ సొమ్మేం పోయింది?” బతిమాలాడు రికార్డిస్టు.

“వేస్తాను తమ్ముడూ. ఆ చప్పుడు లేదనడం లేదు. కానీ ముందు కాదు. ఈ రెండడుగుల తర్వాత.”

దర్శకుడు విసుగ్గా నవ్వాడు. “మనిషి బయట మెట్ల మీదుంటే లోపల తలుపెవరు వేస్తారమ్మా? దెయ్యమా?”



“ఊరూరా ఆడుతుంది సార్ ఈ సినిమా,” అందావిడ. “ఆ ఇల్లాలికి ఆ రెండడుగులూ ఉంచండి.”

“ఆ ఇల్లాలు వచ్చి అడగలేదు కదా. నీకెందుకు?”

“అడిగినా నమ్ముతారా సార్?”

“ఇక నువ్వెళ్ళమ్మా. నీ పని అయిపోయింది.”

ఆవిడ సంచి సర్దుకుంది. ఆ గది తలుపు ఎప్పుడు తెరుచుకుందో, ఎప్పుడు మూసుకుందో ఇద్దరికీ వినిపించలేదు.

రికార్డిస్టు కంప్యూటర్లో దాచుకున్న వంద తలుపుల్లోంచి ఒకదాన్ని తీశాడు.

ధడేల్.

ఐదుకు రెండు నిమిషాలుండగా సినిమా వెళ్ళిపోయింది.

ఐదున్నరకు చిత్రకారుడి చెల్లెలు వచ్చింది, చేతికర్ర ఆనించుకుంటూ.

“మా అన్నయ్య సినిమా ముందు నాకే చూపిస్తానన్నావుగా బాబూ.”

ఆ చివరి ఘట్టం వేసి చూపించారు. తలుపు ధడేల్మన్నప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుంది.

“మీరు చెప్పినట్టే ఉందా అమ్మా?”

“ఊఁ.”

గండం గడిచిన హుషారులో ఉన్నాడు దర్శకుడు. “ఇవాళ ఓ చాదస్తపు మనిషి దాపురించిందండీ. ఆవిడ చేసింది వినండి, నవ్వుకుందురుగాని.”

టిక్.

నాలుగడుగులు కిందికి. నిశ్శబ్దం. రెండడుగులు పైకి.

చెల్లెలు నవ్వలేదు.

“ఇక్కడ తలుపు వెయ్యాలట,” అన్నాడు దర్శకుడు. “వేసేదెవరంటే మాత్రం చెప్పదు.”

“నేనే వేశాను.”

చెల్లెలు చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించింది.

“వదిన ఇంట్లో కాలు పెట్టాకే అన్నయ్య పాడయ్యాడని నా కడుపుమంట. పొమ్మని పోరు పెట్టిందీ నేనే. మనసొప్పక తిరిగొస్తోందని తెలిసీ, తలుపు తీసి మరీ మొహం మీదే ధడేల్మని వేశాను. అన్నయ్య పిలుస్తున్నా తియ్యలేదు. తర్వాత అందరికీ తనే వేసిందని చెప్పాను.”

దర్శకుడు ఫోన్ అందుకున్నాడు. అవతలి వాళ్ళు, “అన్ని హాళ్ళకీ వెళ్ళిపోయింది సార్, ఇక మా చేతుల్లో లేదు,” అన్నారు.

“ఏదీ, ఆ మనిషి?” అంది చెల్లెలు.

రికార్డిస్టు వీధి చివరిదాకా పరిగెత్తి, వగరుస్తూ తిరిగొచ్చాడు. “లేదమ్మా. పేరైనా సరిగ్గా చెప్పలేదు. ఎవరావిడ?”

“ఆరోజు ఆ రెండడుగులూ విన్నది లోకంలో నేనొక్కదాన్నే,” అంది చెల్లెలు, నేల చూపులు చూస్తూ. “ఆ అడుగులు వేసింది మా వదిన.”